ముద్ర చూసి రక్తం వద్దంటారా?

హైదరాబాద్ పాతబస్తీలోని బార్కస్‌లో గల్ఫ్‌తో బంధం లేని గడప దొరకడం కష్టం. నిజాం కొలువులో సిపాయిలుగా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు తరతరాలుగా ఉంటున్న బస్తీ ఇది. చాంద్రాయణగుట్ట దాటి లోపలికి వెళ్తే మండీ హోటళ్లు, లుంగీలతో అరుగుల మీద కూర్చున్న పెద్దలు, సెలవు మీద వచ్చిన కొడుకులు, వీసా కోసం ఎదురుచూస్తున్న తమ్ముళ్లు. ఒక అన్న జెడ్డాలో ఉంటే ఇంకో అన్న దుబాయిలో ఉంటాడు. వాళ్లమ్మ ఉమ్రా యాత్ర నుంచి మొన్ననే తిరిగొచ్చి ఉంటుంది. శంషాబాద్ విమానాశ్రయం ఈ బస్తీకి పొరుగూరి బస్టాండంత మామూలైపోయింది.

ఇలాంటి చోట రక్తదాన శిబిరం పెట్టి, "ఈమధ్య విదేశాలకు వెళ్లొచ్చారా?" అని అడిగి, అవునన్న ప్రతి ఒక్కరినీ "తర్వాత చూద్దాం" అని పంపేస్తే ఆ శిబిరంలో ఇంకెవరు మిగులుతారు? అలా వెనక్కి పోయేవాళ్లు దేహదారుఢ్యం ఉన్న పాతికేళ్ల కుర్రాళ్లు, ముప్పై ఏళ్ల పనివాళ్లు, హిమోగ్లోబిన్‌కు ఢోకా లేని మగవాళ్లు. ఏ రక్తనిధి అయినా కోరుకునే దాతలు వీళ్లే. పాస్‌పోర్టు మీద ముద్ర ఉండేదీ వీళ్లకే.

ఆ ప్రశ్న అడగొద్దని నేను అనడం లేదు. తప్పకుండా అడగాలి. జవాబు విన్నాక జరిగే పని మీదే నా కోపం. ఏ దేశం, ఏ ఊరు, ఎప్పుడు తిరిగొచ్చావు, అక్కడ జ్వరమేమైనా వచ్చిందా అని రెండో మాట అడగకుండా మనిషిని వెనక్కి పంపడం భద్రత కాదు. అది బద్ధకం. ఆ బద్ధకానికి మూల్యం చెల్లించేది బల్ల వెనక కూర్చున్నవాళ్లు కాదు, మంచం మీద ఉన్న పిల్లలు.

ఆ పిల్లలు ఎక్కడో లేరు. పాతబస్తీ అంచున, శివరాంపల్లిలో నేషనల్ పోలీస్ అకాడమీ ఎదురుగా థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. 1998లో మొదలైంది. రెండు మూడు వారాలకోసారి తల్లులు పిల్లల్ని చంకనేసుకుని అక్కడికి రావాల్సిందే. థలసీమియా మేజర్ ఉన్న బిడ్డ ఒంట్లో ఎర్రకణాలు సరిగ్గా తయారు కావు, ఎక్కించిన రక్తం మీదే ఆ ప్రాణం నిలబడుతుంది. అమ్మానాన్నలిద్దరూ ఆ జన్యులోపం మోసే క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగింట ఒక వంతు ముప్పు. దగ్గరి సంబంధాలు చేసుకునే కుటుంబాల్లో ఆ ఇద్దరూ క్యారియర్లయ్యే అవకాశం ఎక్కువ. ఇది పాతబస్తీ జబ్బని ఎవరైనా అంటే వాళ్లు తమ ఇంటి మేనరికాలు గుర్తు చేసుకోవాలి.

ఒక్క బిడ్డ లెక్క చూడండి. పదిహేను రోజులకో యూనిట్ చొప్పున ఏడాదికి 26 యూనిట్లు. మన నిబంధనల ప్రకారం మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి మాత్రమే రక్తం ఇవ్వొచ్చు. అంటే ఏడాదిలో ఒక్కసారి కూడా తప్పకుండా ఇచ్చే మగవాళ్లు ఆరేడుగురుంటేనే ఆ ఒక్క బిడ్డ ఏడాది గడుస్తుంది. బిడ్డ ఎదిగి విడతకు రెండు యూనిట్లు కావాల్సొస్తే పదమూడు మంది కావాలి. పైగా ఇది ఒక ఏడాదితో తీరే లెక్క కాదు, బతికినన్నాళ్లూ సాగే లెక్క.

రక్తాన్ని దాచిపెట్టుకుందామన్నా కుదరదు. ఎర్రకణాల ప్యాకెట్ గడువు మహా అయితే 42 రోజులు. ప్లేట్‌లెట్లకైతే అయిదే రోజులు. ఎండాకాలం కాలేజీలకు సెలవులిస్తే శిబిరాలు ఆగిపోతాయి. రంజాన్‌లో ఉపవాసాల వల్ల పగటిపూట ఇచ్చేవాళ్లు తగ్గిపోతారు. వానలు మొదలయ్యాక డెంగీ వచ్చి ప్లేట్‌లెట్ల కోసం వార్డులన్నీ కేకలు పెడతాయి. మొహర్రంలో, మిలాద్‌లో పాతబస్తీ కుర్రాళ్లు వరసకట్టి రక్తమిస్తారు. ఆ చేతుల పుణ్యాన ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. కానీ పండగ రోజు వచ్చిన రక్తం ఏడాదంతా నిలవ ఉండదు కదా.

ఇప్పుడు నియమం ఏం చెబుతోందో చూద్దాం. 2017లో జాతీయ రక్తమార్పిడి మండలి దాతల ఎంపికకు మార్గదర్శకాలు ఇచ్చింది. మలేరియా వచ్చి పూర్తిగా తగ్గినవాళ్లు మూడు నెలలు ఆగాలి. డెంగీ, చికున్‌గన్యా వచ్చి తగ్గినవాళ్లు ఆరు నెలలు ఆగాలి. డెంగీ ఉన్న ప్రాంతానికి వెళ్లొచ్చి, జ్వరమేమీ లేకపోతే నాలుగు వారాలు ఆగితే చాలు. జికా వ్యాపించిన చోటికో, వెస్ట్ నైల్ వైరస్ ఉన్న చోటికో వెళ్లొస్తే నాలుగు నెలలు. విదేశం నుంచి వచ్చిన ప్రతివాణ్నీ తరిమేయమని ఇందులో ఎక్కడా లేదు. డెంగీ ఉన్న జెడ్డా నుంచి వచ్చిన ఆరోగ్యవంతుడైన మనిషికి ఈ కాగితం ప్రకారం చెప్పాల్సిన మాట ఒక్కటే: తిరిగొచ్చిన రోజు నుంచి నాలుగు వారాలు లెక్కేసి ఫలానా తేదీ తర్వాత రండి. ఆ తేదీ ఎందుకు చెప్పరు?

ఇంకో సంగతి అడుగుతాను. డెంగీ ఉన్న ప్రాంతమంటే ఏది? ఏటా వానాకాలంలో హైదరాబాద్ ఏమిటి? బార్కస్ గల్లీలో నీళ్లు నిలిచిన డ్రమ్ము పక్కన పడుకునే మనిషి డెంగీ ప్రాంతంలో ఉన్నట్టా, లేనట్టా? సెప్టెంబరులో ఎక్కడికీ కదలకుండా ఇక్కడే ఉన్నవాడి రక్తం తీసుకుంటాం. జెడ్డా నుంచి వచ్చినవాణ్ని ఆపుతాం. ఇద్దరినీ కుట్టింది ఒకే జాతి దోమ. దోమకు ఇమిగ్రేషన్ కౌంటర్ లేదు. డెంగీకి దాత రక్తాన్ని తప్పనిసరిగా పరీక్షించాలన్న నియమమూ మన దగ్గర లేదు. తప్పనిసరి పరీక్షలు అయిదు: హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా. మరి విమానం ఎక్కినవాడి విషయంలో ఉన్న జాగ్రత్త వీధిలో ఉన్నవాడి విషయంలో ఏమైంది?

మలేరియా సంగతి మరీ విడ్డూరం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే ధ్రువపత్రం ఇచ్చింది. మనకింకా ఆ ధ్రువపత్రం రాలేదు. పాడేరు మన్యంలో వారం తిరిగొచ్చిన మనిషిని ఆపడానికి మన మార్గదర్శకాల్లో ప్రయాణ నియమమే లేదు, ఆపాలంటే వాడికి జ్వరం వచ్చి ఉండాలి. మలేరియా లేని దుబాయి నుంచి వచ్చినవాడి మీద మాత్రం చూపు అనుమానంగా పడుతుంది. ఏ పుస్తకం చదివితే ఇది సైన్సు అవుతుందో ఎవరైనా చెప్పండి.

నాలుగు నెలల నియమం ఇంకా గజిబిజి. జికా మనదేశంలో 2018లో జైపూర్‌లో కనిపించింది, 2021లో కేరళలో, కాన్పూర్‌లో కనిపించింది, 2024లో పుణెలో కనిపించింది. వెస్ట్ నైల్ కేరళలో మనుషుల ప్రాణాలే తీసింది. పుణెలో ఉద్యోగం చేస్తూ శని ఆదివారాలు ఇంటికి వచ్చే కుర్రాణ్ని మన శిబిరంలో ఎవరైనా నాలుగు నెలలు ఆపారా? అడిగారా అసలు? మార్గదర్శకాల పట్టికలో ఊళ్ల పేర్లుండవు. ఏ నెలలో ఏ ఊరు అనుమానపు జాబితాలోకి వస్తుందో, ఎప్పుడు తీసేస్తారో శిబిరంలో కూర్చున్న నర్సమ్మకు ఎవరూ చెప్పరు. చెప్పనప్పుడు ఆమె ఏం చేస్తుంది? తనకు తెలిసిన గీత ఒక్కటే, అదే దేశపు సరిహద్దు. ఆ గీత దాటినవాడు వద్దు, దాటనివాడు సరే. ఆమెను తప్పుపట్టను. జాబితా ఇవ్వని పైవాళ్లనే తప్పుపడతాను.

ప్రయాణం గురించి అడగడం వట్టి చాదస్తమని ఎవరైనా అంటే వాళ్లతోనూ నాకు పేచీయే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది ఈ ఊళ్లోనే, బేగంపేటలో. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి పేరు హుస్సేన్ ఖాన్. ఒక్కో దోమకు ఒక్కో అణా పుచ్చుకుని తన ఒళ్లు అప్పగించాడు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి రాస్ పేరు పెట్టారు. హుస్సేన్ ఖాన్ పేరు మీద ఈ నగరంలో ఒక గది కూడా ఉన్నట్టు నేను వినలేదు. సరే, అది వేరే కథ. దోమ లేకపోయినా, సూదితో ఎక్కించిన రక్తంతోనూ మలేరియా వస్తుంది. అమెరికాలో 1963 నుంచి 1999 దాకా అలా వచ్చిన కేసులు 93, అందులో పదిమంది చనిపోయారు. వివరాలు పూర్తిగా తెలిసిన కేసుల్లో అరవై శాతం పైచిలుకు దాతలు అప్పటి నియమాల ప్రకారమే ఆగాల్సినవాళ్లు. ప్రశ్న సరిగ్గా అడగలేదు, లేదా జవాబు సరిగ్గా రాలేదు. కాబట్టి ప్రశ్నకు విలువుంది, నిజమైన జవాబు వచ్చినప్పుడు.

నిజమైన జవాబు ఎప్పుడు వస్తుంది? ఇక్కడే మన వాదనలన్నీ దారి తప్పుతున్నాయి. రక్తం గురించి మాట్లాడేవాళ్లంతా తక్కెడ బొమ్మ గీస్తారు. ఒక పళ్లెంలో భద్రత, ఇంకో పళ్లెంలో సరఫరా, ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుందని. ఆ తక్కెడ అబద్ధం. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రిలో కాన్పయ్యాక రక్తస్రావం ఆగని ఒక ఆడబిడ్డను తలచుకోండి. నిలవ లేదు, డోనర్ని తెచ్చుకోండన్నారు. భర్త మొన్ననే రియాద్ నుంచి దిగాడు. దిగిన రెండో రోజు జ్వరం వచ్చి తగ్గింది. ఫారం మీద ఆ ప్రశ్న వచ్చింది. ఆ మనిషి నిజం రాస్తాడా? నేనైతే రాయను. మీరూ రాయరు. నిలవ ఉన్న చోట ఆ మనిషికి అబద్ధం చెప్పాల్సిన పనే లేదు, "అన్నా, మీరు వచ్చే నెల ఇవ్వండి" అంటే తలూపుతాడు. కొరత ఉన్న చోట ఎంత కఠినమైన ప్రశ్న వేసినా కాగితం మీద పడేది అబద్ధమే. సరఫరా తగ్గేకొద్దీ భద్రత కూడా తగ్గుతుంది. ఆరోగ్యవంతుడైన స్వచ్ఛంద దాతను కారణం లేకుండా ఇంటికి పంపిన ప్రతిసారీ, రేపు ఎవరో ఒక భర్తను, ఒక అన్నను అబద్ధం రాసే స్థితికి నెడుతున్నాం.

ఈ సంగతి దేశానికి తెలియనిది కాదు. డబ్బు తీసుకుని రక్తం అమ్మే పద్ధతిని ఆపాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది. 2002 జాతీయ రక్త విధానం, రోగి బంధువులే దాతను తెచ్చుకునే రీప్లేస్‌మెంట్ పద్ధతిని దశలవారీగా మాన్పించి స్వచ్ఛంద దాతల మీదే నడవాలని చెప్పింది. రెండు దశాబ్దాలు దాటాయి. ఇప్పటికీ ఆసుపత్రి వరండాల్లో అదే మాట: డోనర్ని తెచ్చుకోండి.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లను అడగండి, ఇదే అనుమానం వాళ్లు అవతలి వైపు నుంచి అనుభవిస్తున్నారు. సంక్రాంతికి హైదరాబాద్ వచ్చి వెళ్లిన డల్లాస్ కుర్రాడు అక్కడ రక్తం ఇవ్వడానికి వెళ్తే మూడు నెలలు ఆగమంటారు. ఇక్కడే పుట్టి పెరిగి కొత్తగా వెళ్లినవాణ్ని మూడేళ్లు ఆగమంటారు. కారణం మలేరియా. వాళ్ల పటంలో హిమాలయాల ఎత్తయిన ప్రాంతాలు కొన్ని తప్ప భారతదేశమంతా మలేరియా దేశమే. జూబ్లీహిల్స్ అపార్టుమెంటులో వారం ఉన్నవాడూ భద్రాచలం అడవిలో నెల ఉన్నవాడూ వాళ్లకొకటే. మనవాళ్లు దీనికి నొచ్చుకుంటారు, అందులో న్యాయముంది. అదే న్యాయం జెడ్డా నుంచి బార్కస్ వచ్చిన మనిషికీ వర్తిస్తుందని గుర్తుంచుకుంటే బాగుంటుంది.

అయితే ఒక్క విషయంలో అమెరికావాళ్లను మెచ్చుకోవాలి. వాళ్లు నియమాన్ని రాతి మీద చెక్కుకోలేదు. ప్రయాణికులకు అంతకుముందు గడువు ఏడాది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల శిబిరాలు మూతపడి రక్తం అడుగంటితే, ఆధారాలు చూసుకుని దాన్ని మూడు నెలలకు తగ్గించారు. 2024లో దాతల రక్తంలో మలేరియాను జన్యు పద్ధతిలో పట్టుకునే పరీక్షకు అనుమతి ఇచ్చారు. బ్రిటన్‌లో మలేరియా ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లకు నాలుగు నెలలయ్యాక యాంటీబాడీ పరీక్ష చేసి తీసుకుంటారు. ఆస్ట్రేలియా పద్ధతి నాకు ఇంకా నచ్చింది. ప్రయాణం నుంచి వచ్చిన మనిషిని పొమ్మనరు, ప్లాస్మా ఇవ్వండంటారు. మలేరియా పరాన్నజీవి ఉండేది ఎర్రకణాల్లో కదా, శుద్ధి చేసి మందులు తయారుచేసే ప్లాస్మాతో ఆ భయం లేదు. దాత చెయ్యి ఖాళీగా వెనక్కి పోదు, అలవాటు తెగదు.

పిచ్చి ఆవు వ్యాధి కథ కూడా ఇక్కడ చెప్పాలి. 1980 నుంచి 1996 మధ్య బ్రిటన్‌లో మూడు నెలలకు మించి ఉన్నవాళ్లు రక్తం ఇవ్వకూడదని అమెరికా 1990ల చివర మొదలుపెట్టి నియమాలు బిగించింది. ఆ సంవత్సరాల్లోనే బ్రిటన్ ఆసుపత్రుల్లో శిక్షణ పొంది అమెరికాలో స్థిరపడ్డ తెలుగు డాక్టర్లు ఎందరో ఉన్నారు. రోగులకు రక్తం ఎక్కించమని రోజూ రాసిన చేతులు, తమ రక్తం మాత్రం ఇరవై ఏళ్లు ఇవ్వలేకపోయాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు, బ్రిటన్‌లో రక్తం ద్వారా ఆ వ్యాధి సోకిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. కానీ ఏళ్ల తరబడి లెక్కలు చూసి, ముప్పు తగ్గిందని తేలాక 2022లో అమెరికా, ఆస్ట్రేలియా రెండూ ఆ నిషేధం ఎత్తేశాయి. నియమం పెట్టడానికి ధైర్యం అక్కర్లేదు. తీసేయడానికి కావాలి, లెక్కలు కావాలి, సంతకం పెట్టే మనిషి కావాలి.

మనవాళ్లకూ ఆ పని చేతనవునని కోవిడ్‌లో చూశాం. టీకా వేసుకున్నవాళ్లు 28 రోజులు ఆగాలని 2021 మార్చిలో అన్నారు. రక్తం దొరక్క దేశం గగ్గోలు పెడితే మే నెలలో దాన్ని 14 రోజులకు దించారు. రెండు నెలల్లో మార్చగలిగారు. మరి డెంగీ ప్రాంతమంటే ఏమిటో రాయడానికి 2017 నుంచి తీరిక దొరకలేదా?

హజ్ యాత్రికుల విషయం చూడండి. బయల్దేరే ముందు మెనింజైటిస్ టీకా, పోలియో చుక్కలు వేస్తారు. నియమం ప్రకారం చుక్కల మందులాంటి లైవ్ వ్యాక్సిన్‌కు 28 రోజులు, మిగతావాటికి 14 రోజులు ఆగాలి. హజ్ వెళ్లినవాళ్లు చాలామంది ఇంచుమించు నలభై రోజులకు గానీ తిరిగిరారు. అంటే వాళ్లు ఇల్లు చేరేసరికే టీకా గడువు తీరిపోయి ఉంటుంది. మిగిలేది నాలుగు వారాల ప్రయాణ గడువొక్కటే. ఇంత చిన్న లెక్క ఒక చీటీ మీద రాసివ్వలేమా? ఒక శిబిరంలో నా కళ్లముందే జరిగింది. ఉమ్రా నుంచి వచ్చిన నడివయసు మనిషి, అంతకుముందు ఎన్నోసార్లు రక్తమిచ్చినవాడు, ఇవ్వడానికి చెయ్యి చాపాడు. "సౌదీ నుంచా? వద్దు భాయ్, ఇప్పుడు తీసుకోం" అన్నారు. "మరెప్పుడు రావాలి సాబ్?" అని అడిగాడు. "చూద్దాం" అన్నారు. పక్కన ఉన్న కుర్రాళ్లంతా చూశారు. ఆయన ఏమీ అనకుండా చొక్కా చెయ్యి దించుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన్ని నేను ఏ శిబిరంలోనూ చూడలేదు. ఆయన వెంట వచ్చే కుర్రాళ్లూ కనిపించలేదు.

ఒకసారి వెనక్కి పంపితే పోయేది ఒక యూనిట్ కాదు. ఆ మనిషి ఏడాదికి నాలుగుసార్లు ఇచ్చేవాడు, మళ్లీ రాడు. "మా రక్తం వాళ్లకు పనికిరాదట" అన్న మాట మసీదు ముందు, హోటల్ బల్ల మీద, పెళ్లి షామియానా కింద తిరుగుతుంది. పాతబస్తీ మీద ఈ నగరానికి ఉన్న అనుమానాలు చాలవా? రక్తం దగ్గర కూడా ఆ అనుమానమే ఎదురైందని వాళ్లనుకుంటే తప్పెవరిది? సైన్సు పేరు చెప్పి మనిషిని ఆపేటప్పుడు ఆ సైన్సేమిటో విడమరిచి చెప్పకపోతే, వినేవాడికి వినపడేది అవమానమే.

అదే 2017 మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్లను, స్వలింగ సంపర్కులైన పురుషులను, సెక్స్ వర్కర్లను శాశ్వతంగా దూరం పెట్టాయి. దాని మీద 2021లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. బ్రిటన్ 2021లో, అమెరికా 2023లో గుంపుల పేరున నిషేధాలు వదిలేసి, ప్రతి దాతనూ ఒకే తీరు ప్రశ్నలడిగే పద్ధతికి మారాయి. ఈ విషయం ఇక్కడ ఎందుకంటే జబ్బు ఒకటే అయినా రెండు రకాలుగా వెతకొచ్చు. నువ్వెవరివి అని అడిగి వెతకొచ్చు, నువ్వేం చేశావు, ఎప్పుడు చేశావు అని అడిగి వెతకొచ్చు. మొదటిది సులువు, రెండోది సరైనది. గల్ఫ్ మనిషి అన్న ముద్ర వేసి పంపడం మొదటి రకమే.

అసలు ప్రమాదం ఎక్కడుందో కూడా మాట్లాడుకుందాం, ఎందుకంటే ఈ ప్రయాణ ప్రశ్న వెనక అది దాక్కుంటోంది. 2011లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో 23 మంది థలసీమియా పిల్లలకు హెచ్‌ఐవీ ఉన్నట్టు బయటపడింది. 2025 అక్టోబరులో జార్ఖండ్‌లోని చాయిబాసాలో అయిదుగురు పిల్లలకు అలాగే బయటపడింది. ఆ పిల్లల దగ్గరికి జబ్బు విమానమెక్కి రాలేదు. సరిగ్గా చేయని పరీక్షల నుంచి, పరీక్షకు దొరకని విండో పీరియడ్ నుంచి వస్తుంది ఇలాంటి ఘోరం. ఒంట్లో వైరస్ చేరాక ఎలైజా పరీక్ష దాన్ని పట్టుకోవడానికి వారాలు పడుతుంది. హెపటైటిస్-సి అయితే రెండు నెలల దాకా కూడా తప్పించుకోవచ్చు. వైరస్‌ను జన్యు పద్ధతిలో పట్టుకునే నాట్ పరీక్ష ఆ వ్యవధిని రోజుల్లోకి కుదిస్తుంది. మన దేశంలో అది ఇంకా తప్పనిసరి కాదు. ఖర్చంటారు. ఏడాదికి 26 సార్లు పరాయి రక్తం ఎక్కించుకునే బిడ్డకు ముప్పు 26 సార్లు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో థలసీమియాను చేర్చి, ఆ బిడ్డకు హక్కులున్నాయని పార్లమెంటే ఒప్పుకుంది. నాట్‌కు డబ్బు లేదని ఆ బిడ్డ తల్లి ముందు నిలబడి చెప్పమనండి.

రక్తనిధి డాక్టర్ల బాధ నాకు తెలుసు. శిబిరంలో ఒక్కో దాతకు అయిదు నిమిషాలు కూడా దొరకవు. రేపేదైనా తేడా వస్తే సంతకం వాళ్లదే, కేసు వాళ్ల మీదే. అందుకే అనుమానమొస్తే పంపేయడమే క్షేమమని నేర్చుకున్నారు. నిజమే, పంపేసిన దాత వల్ల ఎవరిమీదా కేసు పడదు. ఆ రక్తం లేక అర్ధరాత్రి ఆపరేషన్ వాయిదా పడితే దానికి బాధ్యుడెవరో ఏ రికార్డులోనూ ఉండదు. ఎక్కించిన రక్తం వల్ల జరిగిన చెడును లెక్కపెడుతున్నాం, లేని రక్తం వల్ల జరిగిన చెడును లెక్కపెట్టడం లేదు. ఈ రెండో లెక్క రాయడం మొదలుపెట్టిన రోజు డాక్టర్లకూ ధైర్యం వస్తుంది, నియమాలకూ బుద్ధి వస్తుంది.

నేను అడిగేది ఆకాశం నుంచి చుక్కలు కాదు. జాతీయ రక్తమార్పిడి మండలి ఏ జబ్బుకు ఏ దేశం, ఏ జిల్లా అన్న జాబితాను ప్రతి నెలా విడుదల చేయాలి. అందులో జెడ్డా పేరుంటే హైదరాబాద్ పేరూ దాని పక్కనే ఉండాలి. డెంగీ రోజుల్లో ఊరు దాటనివాణ్నీ జ్వరం గురించి అంతే శ్రద్ధగా అడగాలి. రాష్ట్ర రక్తమార్పిడి మండలి ప్రతి శిబిరానికీ తెలుగులో, ఉర్దూలో అచ్చువేసిన చీటీలు ఇవ్వాలి. దాత పేరు, ఆపిన కారణం, మళ్లీ రావాల్సిన తేదీ, ఫోన్ నంబరు అందులో ఉండాలి. ఆ తేదీన దాతకు ఫోన్ చేసే మనిషికి జీతమివ్వాలి. ఆపిన ప్రతి దాత వివరమూ, కారణంతో సహా, ఏడాది చివర జనం ముందు పెట్టాలి. థలసీమియా పిల్లలకు వెళ్లే ప్రతి యూనిట్‌కూ నాట్ పరీక్ష ప్రభుత్వ ఖర్చుతో జరగాలి. బార్కస్‌లో శిబిరాలు పెట్టేవాళ్లు సెలవుల మీద వచ్చేవాళ్ల రాకపోకలు చూసుకుని, వచ్చిన అయిదో వారంలో వాళ్ల కోసమే ఒక రోజు పెట్టాలి. సెలవు రెండు నెలలుంటే ఆ మనిషి తిరిగి విమానం ఎక్కేలోపు ఒక యూనిట్ ఇచ్చి వెళ్తాడు. వచ్చే సెలవుకు తానే ఫోన్ చేసి శిబిరం ఎప్పుడని అడుగుతాడు.